ఒకే ఫైలు, రెండు చేతులు

కూర్చోమంటే సైదమ్మ కూర్చోలేదు. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా తలుపు దగ్గరే నిలబడి, కొంగుతో మెడ తుడుచుకుని, అప్పుడు లోపలికి వచ్చి బల్ల మీదున్న కంట్రోలర్‌ను చూసింది. బూడిద రంగు డబ్బా, దాని ముఖాన చిన్న తెర. పెద్ద అంబర్‌పేట్ దగ్గరి హేచరీలో తాను పొద్దస్తమానం చూసిన డబ్బా లాంటిదే.

"గిదే గదా," అంది. "గిదే నా మీద చాడీ చెప్పింది."

సంధ్యారాణికి నవ్వొచ్చింది గానీ, ఆ మొహం చూసి ఆపుకుంది. ఆ డబ్బాలో నడిచే ప్రోగ్రాములో సగం ఆమె రాసిందే. మిగతా సగం కంపెనీ యజమాని గంగాధరరావు రాశాడు. ఎల్బీ నగర్ చౌరస్తాకు కాస్త లోపలగా కింద టైర్ల దుకాణం, మధ్యలో ట్యూషన్ సెంటరు, పైన వీళ్ళు. కోళ్ళ హేచరీల్లో గుడ్లు పొదిగే మెషిన్లకు కంట్రోలర్లు చేసి అమ్ముతారు. బోర్డు మీద కంపెనీ పేరు చదివితే విమానాలు తయారుచేస్తారేమో అనిపిస్తుంది. లోపలి మనుషులంతా కలిసి ఒక్క ఆటోలో పడతారు.

జరిగిన సంగతి సంధ్యారాణి అప్పటికే సగం విని ఉంది. గుడ్లు మెషిన్లో పెట్టాక ట్రేలు గంటగంటకూ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరగాలి. పొదిగే కోడి ముక్కుతో గుడ్లను దొర్లిస్తూ ఉంటుంది కదా, ఆ పని ఇక్కడ మెషిన్ చేయాలి. లేకపోతే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుని చచ్చిపోతుంది. కొత్త గుడ్లు ఎక్కించేటప్పుడు ట్రేలు కదలకుండా ఆపుతారు, ఎక్కించాక తిప్పడం మళ్ళీ ఆన్ చేస్తారు. సైదమ్మ పనిచేసిన విజయ్‌కుమార్ హేచరీలో ఆ ఆన్ చేయడం ఆమె పని. కిందటి బ్యాచ్‌లో ట్రేలు అసలు కదలనే లేదు. లోపల పిల్ల పెరుగుతోందో లేదో అని లైటు పెట్టి చూసేసరికి చాలావరకు గుడ్లు పాడైపోయి ఉన్నాయి. కంట్రోలర్‌లో రికార్డు తీసి చూస్తే మొదటిరోజు నుంచీ 'తిప్పడం: ఆఫ్' అని ఉంది.

"నేను నొక్కిన," అంది సైదమ్మ. "నొక్కంగనే ఆన్ అని పచ్చగ పడ్డది. తెల్లారి చూసిన, పచ్చగనే ఉన్నది. రోజూ చూసిన."

"లోపల ట్రేలు కదుల్తలేవని కనబడలేదా అక్కా?"

"తలుపు తెరవనిస్తె గద! తెరిస్తె వేడి పోతదని సారే వద్దన్నడు. అద్దంల కెల్లి చూద్దమంటె అంత ఆవిరి పట్టి ఉంటది." ఆమె గొంతు తగ్గింది. "అందరి ముందర అన్నడు, పండుకున్నవు, నొక్కకుండనే నొక్కిన అంటున్నవు అని. పనిల కెల్లి తీసేసిండు. గదొక్కటైతె పోనీ అనుకుందు. ఇప్పుడు ఏ హేచరీకి పోయినా, గుడ్లు చంపినామె గదా అంటున్నరు. నాకు గీ పని తప్ప ఇంకోటి రాదు బిడ్డా."

అద్దాల గదిలోంచి గంగాధరరావు బయటికి వచ్చాడు. హైదరాబాద్ వచ్చి తల నెరిసినా ఆయన మాటలో గుంటూరు చెక్కు చెదరలేదు.

"చూడమ్మా," అన్నాడు మెత్తగా. "మెషిన్‌కి నీమీద కోపం ఏముంటుంది చెప్పు? అది ఉన్నది ఉన్నట్టు రాసుకుంటుంది, అంతే. నువ్వు నొక్కాననే అనుకుని ఉంటావు. పనుల్లో పడితే ఎవరికైనా జరిగేదే."

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. "అనుకునుడు గాదు సారూ. నొక్కిన," అని సైదమ్మ వెనక్కి తిరిగింది. సంధ్యారాణి తెచ్చిన మంచినీళ్ళు అలాగే బల్ల మీద ఉండిపోయాయి.

*

"మనవైపు తప్పుండే అవకాశమే లేదమ్మా," అన్నాడు గంగాధరరావు, ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగాక. "లాక్ ఉంది కదా. కావాలంటే చూడు."

ప్రోగ్రాము తెరిచి ఆ వరుస చూపించాడు. నిజమే, ఉంది.

ఆ డబ్బాలో సెట్టింగులన్నీ, అంటే వేడి ఎంత, తేమ ఎంత, ట్రేలు తిరగాలా వద్దా, ఏ బ్యాచ్, ఎప్పుడు మొదలు, అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. వాటిని మార్చడానికి రెండు దారులు. ఒకటి మెషిన్ మీది తెర. రెండోది యజమాని ఫోను. తెర చూసుకునే పని ఒకటి, ఫోను చూసుకునే పని ఇంకొకటి లోపల వేర్వేరుగా నడుస్తుంటాయి. ఏది మార్చాలన్నా ఫైలు మొత్తం చదువుకుని, తనకు కావలసింది దిద్ది, మళ్ళీ మొత్తం రాసేస్తుంది. ఇద్దరూ ఒకేసారి ఆ పనికి దిగితే చిక్కే. ఇద్దరు మనుషులు ఒకే కాగితానికి చెరో జిరాక్సు తీసుకుని, ఎవరికి వాళ్ళు దిద్ది, ఆఖరున ఇచ్చినవాడిదే అసలు కాగితం అన్నట్టు ఉంటుంది. ముందు దిద్దినవాడి దిద్దుబాటు గాలికి పోతుంది. అందుకే ఫైలుకు లాక్. ఒకరు పట్టుకుంటే, వాళ్ళు వదిలేదాకా రెండోవాళ్ళు ఆగాలి. గంగాధరరావు పెద్ద పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసి వచ్చినవాడు. ఫైలు లాక్ చేసే వరుసలు కళ్ళు మూసుకుని రాయగలడు.

సంధ్యారాణి ఆ సాయంత్రం, మర్నాడు పొద్దుటిపూట బల్ల మీది డబ్బాతో కుస్తీ పట్టింది. తెర మీద నొక్కింది. ఫోనులో నొక్కింది. కరెంటు తీసి పెట్టింది, నెట్ పీకేసి పెట్టింది. ట్రేలకు బదులుగా పెట్టిన చిన్న మోటారు చెప్పినప్పుడల్లా బుద్ధిగా తిరిగింది. ఇక సైదమ్మ నిజంగానే మరిచిపోయిందేమో అన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తనమీద తనకే చిరాకు వేసింది. 'అనుకునుడు గాదు' అన్నప్పటి ఆ మొహం అబద్ధమాడే మనిషిది కాదు. కానీ మొహం చూసి ఎవరు నమ్ముతారు? రికార్డుకు మొహం లేదు కాబట్టి అందరూ దాన్నే నమ్మారు.

మధ్యాహ్నం లంచ్ డబ్బా తెరవకుండానే కిందికి దిగి, సైదమ్మకు ఫోన్ చేసింది. ఎక్కడున్నావంటే, సాగర్ రింగ్ రోడ్డు వైపు ఒక కర్రీ పాయింట్ పేరు చెప్పింది.

వెనక రేకుల షెడ్డులో సైదమ్మ నేల మీద కత్తిపీట ముందేసుకుని దొండకాయలు తరుగుతోంది. ఎప్పుడూ చేసే పని కాదని చూస్తేనే తెలుస్తోంది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. సంధ్యారాణి పక్కన ప్లాస్టిక్ డ్రమ్ము బోర్లించుకుని కూర్చుంది.

"అక్కా, గా రోజు ఏం జరిగిందో ముందు కెల్లి చెప్పు. నొక్కిన అని ఒక్క మాట గాదు. ఎట్ల నిలబడ్డవు, ఏం జేసినవు, అంత."

"ఏముంటది? గుడ్లు ఎక్కిచ్చినం. తలుపేసినం. సారు ఫోన్ జేసేదాక చూస్తున్నం."

"సారు ఎందుకు ఫోన్ చేసుడు?"

"ముహూర్తం గద!" అంది సైదమ్మ, ఈమాత్రం తెలియదా అన్నట్టు. "వాళ్ళ అమ్మ క్యాలెండర్ల చూసి టైం చెప్తది. ఎప్పుడైన సారే వచ్చి కొబ్బరికాయ కొట్టి, ఆయన నొక్కి, నన్ను నొక్కుమని పోయెటోడు. గీ పారి ఆయన చీరల దుకాణంల పెండ్లిళ్ళ సీజన్, రాలేనన్నడు. ఆన్నే గద్దె మీద కూసోని, ఫోన్ల కెల్లి బ్యాచ్ మొదలు అని నేను నొక్కుత, నువ్వు గూడ గప్పుడే తిప్పుడు నొక్కు, ఇద్దరి చెయ్యి మంచి టైంల పడాలె అన్నడు." ఆమె కత్తిపీట వదిలి, లేని ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, తడి చేతి వేలును గాలిలో ముందుకు చాపింది. "గిట్ల. సారు 'ఆఁ, నొక్కు' అన్నడు. నొక్కిన."

సంధ్యారాణి ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది. తను పొద్దున్నుంచి చేసిన తప్పేమిటో ఆమెకు తెలిసింది. రెండూ నొక్కింది గానీ, ఒకదాని తర్వాత ఒకటి నొక్కింది. బుద్ధున్నవాళ్ళెవరైనా అలాగే నొక్కుతారు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో ఒక వేలు, పెద్ద అంబర్‌పేట్ హేచరీలో ఒక వేలు, సరిగ్గా ఒకే క్షణాన పడాలంటే దానికి ముహూర్తమే ఉండాలి.

"అక్కా, జర ఆఫీసు దాక వస్తవా?" అంది.

*

తెర ముందు సైదమ్మ నిలబడింది. ఫోను సంధ్యారాణి చేతిలో ఉంది. గంగాధరరావు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు, పిల్లల ఆట చూసే పెద్దమనిషి లాగా.

"ఆఁ, నొక్కు."

మోటారు తిరిగింది. మళ్ళీ మొదటికి తెచ్చి, మళ్ళీ నొక్కారు. మళ్ళీ తిరిగింది. గంగాధరరావు వాచీ చూసుకున్నాడు. సైదమ్మ ఈసారి ఫోన్ ఉన్నట్టే భుజం పైకెత్తి, మెడ వంచి నిలబడింది. ఆ మెడ వంపుతో ఆమె వేలు అలవాటైన తీరులో పడింది.

"ఆఁ, నొక్కు."

తెర మీద ఆన్ అని పచ్చగా వెలిగింది. మోటారు కదల్లేదు.

ముగ్గురూ మోటారునే చూశారు. సంధ్యారాణి ఫైలు తెరిచింది. బ్యాచ్ మొదలు అని ఫోనులోంచి వచ్చింది రాసి ఉంది. దాని కింద 'తిప్పడం: ఆఫ్'. తెర మాత్రం తాను రాసిందే ఫైలులో ఉందనుకుని, మళ్ళీ ఒకసారి చూసుకోకుండా పచ్చగా నవ్వుతోంది.

"చూసినవా బిడ్డా," అంది సైదమ్మ. గట్టిగా అనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. "చూసిండ్రా సారూ."

"లాక్ ఉంది కదా," అన్నాడు గంగాధరరావు. ఆయన కుర్చీ లాక్కుని ముందు కూర్చున్నాడు. లాక్ ఉంది. తెర పని లాక్ అడిగిన చోటా ఉంది, ఫోను పని అడిగిన చోటా ఉంది. ఒకరు పట్టుకుని ఉండగానే రెండోవాళ్ళు అడిగారు, ఇచ్చేసింది. ఆయన డబ్బాలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ తెరిచి, వేలితో వరుసలు చూసుకుంటూ చదివి, కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

చిక్కంతా ఇల్లు మారడంలో ఉంది. ఆయన అలవాటుపడ్డ పెద్ద కంప్యూటర్లలో ఒక్కో ప్రోగ్రాముదీ ఒక్కో ఇల్లు. ఈ డబ్బాలో నడిచేది రియల్ టైమ్ సిస్టమ్. చెప్పిన పని చెప్పిన క్షణానికి జరిగి తీరాలి కాబట్టి, వేగం కోసం గోడలన్నీ తీసేసి పనులన్నిటినీ ఒకే ఇంట్లో కాపురం పెట్టిస్తుంది. ఆయన వాడిన ఫైలు లాక్ 'నువ్వు ఏ ఇంటి దానివి' అని మాత్రమే అడుగుతుంది. తెర పనీ, ఫోను పనీ ఒకే ఇంటి పేరు చెప్పాయి. మనవాళ్ళే కదా అని రెంటినీ లోపలికి వదిలేసింది. లాక్ పడటం నిజమే, అది బయటివాళ్ళకే పడింది.

"ఇది నేను చదవాల్సింది," అన్నాడాయన. అంతవరకూ నిజాయితీగానే అన్నాడు. తర్వాత సైదమ్మ వైపు తిరిగి, "నువ్వు వెళ్ళమ్మా, మేం చూస్తాం," అన్నాడు.

"విజయ్‌కుమార్ సారుకు చెప్తరు గద?"

"చూస్తామమ్మా."

ఆమె వెళ్ళాక సంధ్యారాణి ఆ రెండు పనులకూ ఇంట్లోవాళ్ళను కూడా ఆపే లాక్ రాయడం మొదలుపెట్టింది. గంగాధరరావు పక్కనే కూర్చుని జాగ్రత్తలు చెప్పాడు. అనుభవం ఉన్న మనిషి, చెప్పినవన్నీ పనికొచ్చేవే. వేడి సర్దే పని ఈ లాక్ జోలికే పోకూడదు. ఫోను పని లాక్ పట్టుకుని సిగ్నల్ కోసం కూర్చుంటే, దాని వెనక వేడి సర్దే పని ఆగిపోయిందంటే గుడ్లు ఉడుకుతాయి. కాబట్టి దానికి సెట్టింగుల నకలు వేరే ఇవ్వాలి. నెట్‌తో మాటలన్నీ ముందే ముగించుకుని, రాసే ఆ కాసేపే లాక్ పట్టుకోవాలి.

"ఆగాల్సినవాళ్ళకు ఏమని చూపించను సార్?"

"ఆగమని చూపించు. లేకపోతే నొక్కింది పడలేదనుకుని మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. ఎవరు మారుస్తున్నారో కూడా వెయ్యి, మంచిది." ఆయన లేచాడు. "అన్ని హేచరీలకీ కొత్త వెర్షన్ అని పంపించేద్దాం. విజయ్‌కుమార్ ఫోన్‌లో నువ్వే వెళ్ళి వేసిరా. ఇంకేం మాట్లాడకు."

"సైదమ్మ సంగతి సార్?"

గంగాధరరావు అద్దాల గది వైపు నడవబోయి ఆగాడు. "తప్పు మనదని ఒక్కడికి చెప్తే, రేపు ప్రతి హేచరీవాడూ చచ్చిన ప్రతి గుడ్డుకీ మన డబ్బానే అంటాడు. డబ్బాలు వెనక్కొస్తే మనందరం ఇంటికే. ఆవిడకి ఎక్కడైనా పని నేను చూస్తాలే. నాకూ జాలి లేక కాదమ్మా."

జాలి ఉందనే సంధ్యారాణికి ఎక్కువ కోపం వచ్చింది. సైదమ్మ జాలి అడగలేదు. నొక్కిన అన్న మాట నిజమని ఒక్కరు చెప్పాలని అడిగింది. అయినా తెర వైపు తిరిగి, ఆపిన చోటినుంచి లాక్ రాయసాగింది. ఆ ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలన్న బెంగ ఆమెకూ ఉంది.

*

విజయ్‌కుమార్‌ది దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. వాళ్ళది పోచంపల్లి పక్క ఊరు. తాత మగ్గం నేశాడు, ఈయన గద్దె మీద కూర్చుని అమ్ముతున్నాడు. హేచరీ మధ్యలో పెట్టుకున్న వ్యాపారం. సంధ్యారాణి వెళ్ళేసరికి ఎవరో పెళ్ళివారు అటు గోడ నుంచి ఇటు గోడ దాకా కూర్చుని ఉన్నారు. ఆయన ఒక చీర విప్పి, కుచ్చిళ్ళు వేలి మీద మడత పెట్టి చూపిస్తూనే ఇంకో చేత్తో ఫోన్ ఆమెకిచ్చాడు.

"జల్దీ కానీ మేడం. ఇయ్యాల కొత్త బ్యాచ్ ఉన్నది."

క్యాష్ కౌంటర్ పక్కన వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా గోడ గడియారం మీద ఒక కన్నేసింది. సంధ్యారాణి కొత్త వెర్షన్ వేసింది. మెషిన్‌లోకి అది పొద్దున్నే వెళ్ళిపోయింది. ఫోన్ తిరిగిచ్చి బ్యాగు సర్దుకోబోతుంటే రాజేశ్వరమ్మ, "బిడ్డా, టైమైతుంది," అంది కొడుకుతో.

విజయ్‌కుమార్ పెళ్ళివారికి ఒక్క నిమిషం అని చేయి చూపించి, దుకాణం ల్యాండ్‌లైన్ అందుకుని హేచరీకి కలిపాడు. అక్కడ తిరుపతి అని కొత్తగా పెట్టుకున్న మనిషి.

"తిరుపతీ, రడీయా? నేను నొక్కుతున్న. ఆఁ, నొక్కు."

రిసీవర్ మెడ కింద పెట్టి సెల్‌ఫోన్ మీద వేలు వేశాడు. సెల్‌ఫోన్‌లో అక్షరాలు పడ్డాయి: 'మెషిన్ దగ్గర ఆపరేటర్ మారుస్తున్నారు. ఆగండి.'

"గిదేంది?" అన్నాడు. "నా మెషిన్ నన్నే ఆగమంటదా?"

అంతలోనే అక్షరాలు పోయి, బ్యాచ్ మొదలైనట్టు పడింది. రాజేశ్వరమ్మ గడియారం చూసి తృప్తిగా తల ఊపింది. విజయ్‌కుమార్ మాత్రం ఫోన్‌ను చూస్తూనే ఉన్నాడు. బేరంలో మాట పట్టుకునే మనిషి, ఇది కూడా పట్టుకున్నాడు.

"మేడం, ఇప్పుడెందుకు ఆగమన్నది?"

"ఇద్దరూ ఒక్కసారి నొక్కితే ఒకరు ఆగాలె సార్. లేకుంటె ఒకరిది పోతది."

"మరి పోయినపారి ఆగమనలే?"

పెళ్ళివారి పెద్దావిడ చీర అంచు పట్టుకుని చూస్తోంది. కొత్త వెర్షన్ సార్ అంటే సరిపోతుంది. గంగాధరరావు నేర్పి పంపిన మాట అదే. సంధ్యారాణి బ్యాగు జిప్పు లాగబోయి ఆగింది. సైదమ్మ బొటనవేలికి చుట్టిన గుడ్డపీలిక కళ్ళ ముందు కదిలింది.

"అనలేదు సార్," అంది. "అప్పుడు మాది తప్పు. ఆమె నొక్కింది, మీరు నొక్కిండ్రు. మీది ఉంచి, ఆమెది చెరిపేసింది మా డబ్బా. సైదమ్మ నొక్కింది సార్. మా ఆఫీసుల ముగ్గురం కండ్లతోని చూసినం."

విజయ్‌కుమార్ చేతిలోని చీర కుచ్చిళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి. రాజేశ్వరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఆమెను అంత మంది ముందర అంటివి," అంది కొడుకుతో. "ఫోన్ చెయ్యి. గిందరి ముందర్నే చెయ్యి."

ఆయన పేరు వెతికి నొక్కాడు. తల్లి చూపు చూసి స్పీకర్ పెట్టాడు. అవతల గిన్నెల చప్పుడు వినిపించింది.

"సైదమ్మా, నేను విజయ్‌కుమార్‌ని."

"చెప్పుండ్రి సారూ."

"గా బ్యాచ్ సంగతి... మెషిన్ల తప్పుండెనట. నువ్వు నొక్కిన మాట నిజమేనట. కంపెనీ మేడం వచ్చి చెప్పింది, నా ఫోన్ల గూడ కనబడ్డది. తప్పైంది నాది. రేపటి సంది పనికి రా. గా తిరుపతిని ఇంకో..."

"ఆగుండ్రి సారూ."

గిన్నెల చప్పుడు దూరమైంది. ఆమె ఎక్కడో పక్కకు వచ్చి నిలబడినట్టుంది.

"నేను చెప్పిన్నాడు మీరు నమ్మలే. డబ్బా చెప్పింది నమ్మిండ్రు. ఇప్పుడు గూడ డబ్బానే చెప్పింది గావట్టి నమ్ముతున్నరు. పనికి వస్త, రాకుంటె నాకు నడువది. ఇంకోపారి ఇంకేదో ఖరాబైతది. గప్పుడు నన్ను అడుగుతరా, మల్ల డబ్బానే అడుగుతరా?"

పెళ్ళివారి పెద్దావిడ చీర వదిలేసి ఫోన్ వైపు చూస్తోంది. సంధ్యారాణి చేతిలో బ్యాగు అలాగే ఉంది. ఈ సంగతి గంగాధరరావుకు తాను చెప్పకముందే చేరుతుందని ఆమెకు తెలుసు. భయం వేసింది, కానీ కాళ్ళు బయటికి కదల్లేదు.

"అట్ల గాదు సైదమ్మా, నేనేమంటున్ననంటె..."

"నేను చెప్పేది ఇంక అయిపోలే సారూ," అంది సైదమ్మ. "ఆగుండ్రి."

విజయ్‌కుమార్ నోరు మూసుకుని, ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని, ఆగాడు.